పసుపు పూసిన బ్రష్

కామాటిపుర, అయిదో గల్లీ,
బొంబాయి.
14-10-1984

చిరంజీవి సౌభాగ్యవతి అంజమ్మకు నీ పెనిమిటి బుచ్చన్న దీవించి రాసేది. నేను, పక్క ఖోలీలో ఉండే ముత్తమ్మవ్వ, నువ్వు కిటికీలో పెట్టిపోయిన తులసి, ముగ్గురమూ ఇక్కడ బాగున్నాము. అక్కడ నువ్వూ, కడుపులో బిడ్డా, అత్తా చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను, రాత్రి కూర మాత్రం ముత్తమ్మవ్వ దయ. పొద్దున నల్లా నీళ్లకు లేస్తున్నావా అన్నావు. లేచి, బిందె వరుసలో పెట్టి, మళ్లీ పడుకుంటున్నాను. దసరాకు బ్రష్‌లకు పూజ చేశావా అని కూడా అడిగావు. చేశాను. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

నువ్వు ఏటా పిడి మీద చిన్న బొట్టు పెట్టి ఊరుకుంటావు. ఈసారి నువ్వు లేవు, నాకు భక్తి ఎక్కువైంది. అమ్మవారికి పూసినట్టు వెంట్రుకల నిండా పసుపు పూశాను. మర్నాడు బకెట్‌లో రెండుసార్లు ముంచి తీసి, శుభ్రమైందనుకుని గ్రాంట్ రోడ్ పనికి పోయాను. మూడో అంతస్తు ఇల్లు, దీపావళికి చుట్టాలు వస్తారట, పైకప్పుకు తెల్ల సున్నం వేయాలి. మొదటి రెండుసార్లు బ్రష్ లాగితే పాలలా పడింది. మూడోసారికి బ్రష్ మొదట్లో దాక్కున్న పసుపు సున్నంలోకి దిగింది. ఇంక చూడు, పైకప్పంతా ఎర్రటి చారలు. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో పెళ్లినాడు నీ కాళ్లు చూసినవాడికి తెలియాలి కదా.

మనకు పనులిచ్చే ముకద్దం గంగారాం పైకి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏందిరా బుచ్చన్నా, సున్నమేయమంటే పారాణి పెడుతున్నవ్?"

నేను నిచ్చెన దిగలేదు. దిగితే ఇంటావిడ ముందు నిలబడాలి.

"రేపు పొద్దుగాల ఆ బ్రష్ సాఫ్ జేస్కొని రా. మల్ల ఎర్రగొచ్చిందంటే దివాలీ దాంక పని ఇంకొకనికిస్త" అన్నాడు.

అంజమ్మా, అత్తకు పైకి చదివి వినిపిస్తున్నట్లయితే ఇక్కడ ఆపు. మిగతాది నీ మనసులో చదువుకో.

ఆరేళ్లుగా గంగారాం కొత్తవాళ్లకు నా బ్రష్‌లు చూపించి, "పెట్టుకుంటే గిట్ల పెట్టుకోవాలె" అంటాడు. నేను మీసం దువ్వుకునేవాణ్ణి. కడిగేది నువ్వని ఒక్కనాడూ చెప్పలేదు. ఆ రోజు నిచ్చెన మీద నుంచే చెప్పాను. ఆయన "గట్లనా, ఇన్నొద్దులు తప్పుడు మనిషిని మెచ్చుకున్ననా" అన్నాడు. నాకు సిగ్గేసింది.

సాయంత్రం నల్లా దగ్గర ముత్తమ్మవ్వ నా పక్కన కూర్చుంది. "పైపైన గాదు బిడ్డా. వేళ్లు లోపల్కి పెట్టు, మొదట్ల విప్పు. అంజి నీళ్లు తేటగొచ్చేదాంక లేవకపోయేది" అంది. సబ్బు పెట్టాను, పిండాను, మళ్లీ పెట్టాను. పదకొండో బకెట్‌కు నీళ్లు తేటపడ్డాయి. నీ పాత దువ్వెనతో వెంట్రుకలు సరిచేసి, పేపరు చుట్టి, మేకుకు తగిలించాను. మర్నాడు కప్పు గీకి రెండు పూతలు వేశాను, తెల్లగా వచ్చింది. పని నిలిచింది. దిగులు పడకు.

అప్పటినుంచి రోజూ నేనే కడుగుతున్నాను. నాలుగో రోజుకు వేళ్ల సందుల్లో తోలును సున్నం తినేసింది. అన్నంలో కారం కలిపితే ప్రాణం పోయింది. నువ్వు రాత్రిళ్లు కంచం ముందు చేతులు ఊదుకుంటుంటే, "ఏంది, నకరాలా?" అని నవ్వేవాణ్ణి. ఒక్కసారైనా మంట అని చెప్పలేదేమే?

మొన్న బియ్యం డబ్బా వెనక నీ కొబ్బరినూనె సీసా దొరికింది. అది తలకు కాదని అప్పుడు తెలిసింది. చాలాసేపు దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

నువ్వు తిరిగి వచ్చాక కూడా కడిగేది నేనే. నువ్వు బిడ్డను ఎత్తుకుని నల్లా దగ్గర కూర్చుని తప్పులు పట్టు. పురుడు కాగానే కబురు చెయ్యి, బండెక్కుతాను. బిడ్డను ఎత్తుకున్నప్పుడు నా చేతులు గరుకుగా ఉంటే తిట్టకు. రోజూ నీ సీసాలోదే రాసుకుంటున్నాను.

ఇట్లు,
నీ పెనిమిటి
బుచ్చన్న