జిగురు కలపని సున్నం

పటాన్‌చెరు,
9-6-1999

కాకినాడలో ఉన్న మా రాజవ్వక్కకు చిన్నరాములు దండాలు. ఇక్కడ నేనూ నీ మరదలు నాగరత్నమూ బాగానే ఉన్నాం. నువ్వూ బావా అట్లాగే ఉన్నారని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

నా దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. నాగరత్నం పర్మనెంటు అయిందా అన్నావు. కాగితం ఈ నెలాఖరుకు ఇస్తారట. ఏడేళ్లుగా ఆ వలల ఫ్యాక్టరీలో ముడులు వేస్తోంది, ఇప్పుడైనా ఇవ్వాలి కదా!

ఇక తాబేలు బొమ్మ. పర్యావరణ దినానికి ఆ ఫ్యాక్టరీ గోడ మీదే వేయమన్నారు. మొదట మన హత్నూర చెరువు తాబేలునే వేశాను, గోళ్లతో సహా. సముద్రం చూడనివాడికి ఇంకేం తెలుస్తుంది? నువ్వు ఉత్తరం వెనక గీసి పంపిన తెడ్లలాంటి కాళ్లు చూసి నవ్వొచ్చింది, మళ్లీ వేశాను. కానీ అదే ఉత్తరంలో ఒడ్డున వరసగా చచ్చిపడ్డ తాబేళ్లను చూశాననీ, అవి వలల్లో చిక్కి ఊపిరాడక చస్తాయనీ రాశావు. అది చదివాక చెయ్యి ఊరుకోలేదు. తాబేలు చుట్టూ వల కూడా వేశాను. ముడి ఎట్లా ఉంటుందో నాగరత్నం వేస్తుంటే ఇంట్లోనే చూశాను కదా.

మేనేజరు మండిపడ్డాడు. "మనం అమ్మేదే వలలు! తాబేలు ఒక్కటే ఉండాలె, వల తుడిపెయ్" అన్నాడు. సరే సార్ అన్నాను.

అక్కా, దాచిన మాట ఇప్పుడు చెబుతున్నాను. వల మీద నీలం కలిపిన సున్నం పూశాను గానీ జిగురు కలపలేదు. కావాలనే. గట్టి వాన ఒక్కటి పడితే సున్నం కారిపోయి, కింద ఎనామిల్‌తో వేసిన వల బయటపడుతుంది. అయిదో తారీఖున పెద్దలంతా చూసి చప్పట్లు కొట్టి పోయారు. నాకు మాత్రం నాలుగు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. మిరుగం కార్తె వచ్చింది, ఇక వానలే. మబ్బు పడితే భయం, విడిపోతే సిగ్గు. వేసింది నేను, పోయేది నాగరత్నం నౌకరీ. ఆమెకు చెప్పనేలేదు.

ఇక్కడిదాకా రాసేసరికి రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఉండబట్టలేక ఆమెకు మొత్తం చెప్పేశాను.

"ముందుగాల నాకు సెప్పాలె గద! నీ సున్నంతోని నా నౌకరీ గూడ కారిపోవాల్నా?" అని ఏడ్చింది.

"జల్దీ పోయి గోడకు పరదా కప్పొస్త" అని పరదా తీసుకుని లేచాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత నా చేతిలోని పరదా తీసి మూలన పడేసింది. గొడుగు అందుకుంది.

"ఆ ముడులు నేనేసేటియే. ఎట్లేసినవో సూస్త, పా."

వాన గట్టిపడింది. గడపలో నిలబడి పిలుస్తోంది.

ఇట్లు,
నీ తమ్ముడు
చిన్నరాములు