చూసినవాడు తుడవకూడదట!

ఇర్వింగ్, మార్చి 3

నాయనా దైవాశీర్వాదం,

రూతమ్మ పిన్ని వందనాలు. నేను చెబుతుంటే మనవరాలు క్రిస్టీ రాస్తోంది. ఫోన్‌లో అన్న మాటకు సాక్ష్యం ఉండదు, అందుకే ఉత్తరం.

నా గది గోడకు దుప్పటి పరిచినంత నల్లబూజు పట్టింది. అపార్ట్‌మెంట్ వాళ్లు ఒకణ్ణి పంపారు. చూశాడు, వాసన పట్టాడు, గుమ్మానికి ప్లాస్టిక్ తెర అంటించాడు. "తుడిచిపో నాయనా" అంటే, "చూసినవాడు తుడవకూడదమ్మా, టెక్సస్ స్టేట్ చట్టం" అన్నాడు! తుడిచేవాడు ఇంకా రాలేదు. పదకొండు రోజులుగా సోఫామీదే పడక. నా మంచం, తలకింద పెట్టుకునే బైబిలు లోపలే ఉండిపోయాయి.

బూజు తుడిచే కాంట్రాక్టర్ల సంఘానికి సెక్రటరీవి కదా, నా గది నాకు ఇప్పించు.

ఇట్లు,
రూతమ్మ (వేలిముద్ర)

తా.క.: తిట్లు రాయనంటోంది క్రిస్టీ. ఆ చోట గీతలు పెట్టమన్నాను. ఆ చూసినవాడు ఒట్టి –––––.

ఆస్టిన్, మార్చి 8

రూతమ్మ పిన్నిగారికి,

ప్రభువు నామమున వందనాలు. మీ ఉత్తరం చదివి మా ఆఫీస్ మొత్తం షాకైంది. మేమూ ఇదే మొత్తుకుంటున్నాం! చూసేదీ తుడిచేదీ ఒకే కంపెనీ అయితే ఒక్కరోజు పని. ఆ రూల్ తీసేయాలని స్టేట్ అసెంబ్లీలో బిల్లు పెట్టించాం. ఇరవయ్యో తారీఖున ఇక్కడ ఆస్టిన్‌లో అసెంబ్లీ కమిటీ ముందు హియరింగ్. మీరొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పండి, చాలు. ఈలోగా మా సభ్యుడు కాలేబ్ వచ్చి ఊరికే ఒకసారి చూసి వెళతాడు.

మీ
దైవాశీర్వాదం

తా.క.: కమిటీ ముందు గీతలు మాత్రం చదవొద్దు.

ఇర్వింగ్, మార్చి 14

నాయనా,

నీ కాలేబ్ వచ్చాడు. నా గోడ చూడమంటే ఇల్లంతా చూశాడు. హాల్లో బూజట, వంటింట్లో బూజట, ఎదురింటి జయంతి గోడలోనూ ఉండే ఉంటుందట! దుప్పటంత మచ్చ అరగంటలో పెళ్లిపందిరంత అయింది. "ఇదంతా ఎవరు తుడుస్తారు?" అన్నాను. "రూల్ పోతే నేనే ఆంటీ" అని నవ్వాడు.

జరిగింది జరిగినట్టు చెప్పమన్నావుగా. చెబుతాను.

రూతమ్మ (వేలిముద్ర)

తా.క.: ఆవకాయ జాడీలోకి టార్చి వేసి "ఇదీ పారేయాలి" అన్నాడు. అక్కడినుంచి గీతలకు కాగితం చాలలేదు.

ఆస్టిన్, మార్చి 17

పిన్నిగారూ,

మీకెందుకండీ ఈ వయసులో శ్రమ? ప్రయాణం మానేయండి. కాలేబ్ మాట ఎత్తితే మా బిల్లు మునుగుతుంది. మీ గది సంగతి నేను చూసుకుంటాను.

మీ
దైవాశీర్వాదం

తా.క.: పిన్నీ, దయచేసి ఫోన్ ఎత్తండి!

ఇర్వింగ్, మార్చి 27

నాయనా,

నీ ఉత్తరం అందేసరికి చర్చి వ్యాన్‌లో ఆస్టిన్ వెళ్లి రావడం కూడా అయిపోయింది. అక్కడ నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా, ఎందుకలా కుర్చీలో జారిపోయావు? "రూల్ ఉంచాలా, తీయాలా?" అని కమిటీ పెద్దావిడ అడిగితే ఉన్నమాటే అన్నాను: "కూర వండినదాన్నే ఉప్పు సరిపోయిందా అనడిగితే ఏం చెబుతుందమ్మా? రుచి చూసేది వేరే మనిషే కావాలి. కాకపోతే అన్నం చల్లారకముందే రావాలి." నీ బిల్లు పక్కన పెట్టేశారట. ఏమనుకోకు.

మర్నాడే తుడిచేవాడు పరుగెత్తుకొచ్చాడు. నిన్న ఆ చూసినవాడే మళ్లీ వచ్చి, చూసి, బాగుందని కాగితం ఇచ్చాడు. అతనికి పెట్టిన గీతలు కొట్టేయి.

నా మంచంమీదనుంచే,
రూతమ్మ (వేలిముద్ర)

తా.క.: అసలు ఆ గోడకే బూజెందుకు పట్టిందని అంత సభలో ఒక్కరూ అడగలేదేం? బాల్కనీలో చీర ఆరేస్తే అపార్ట్‌మెంట్ వాళ్లు నోటీసిస్తారు. డ్రయ్యర్‌లో వేస్తే నేతచీర ముడుచుకుపోతుంది. రెండేళ్లుగా తడిచీరలన్నీ ఆ గోడకే ఆరేస్తున్నాను. ఇవాళా మూడు ఉతికాను.

––––– –––– –––––––! ఈ గీతలు నావి కావు నాయనా, క్రిస్టీవి.