సముద్రం వైపు తిప్పిన ఫోన్

తమ్ముడు లెమాలుకు అక్క దీవెనలు.

దేవుని కృపవల్ల ఇక్కడ మన దీవిలో అందరం వేళకు లేస్తున్నాం, తింటున్నాం, సాయంత్రం శంఖం ఊదగానే ప్రార్థనకు కూర్చుంటున్నాం. క్వీన్స్‌లాండ్‌లో చలి మొదలైందని రాశావు. నువ్వు పనిచేసే మాంసం ఫ్యాక్టరీలో ఎలాగూ చలే, రెండు స్వెట్టర్లు వేసుకో. నువ్వు పంపిన దుప్పట్లూ, ఉత్తరమూ అందాయి. ఫోన్లో నలుగురి మధ్య అడగలేక ఉత్తరంలో అడిగావు. జవాబులు రాస్తున్నాను.

మన ఊరి రగ్బీ పోటీలను దేశదేశాల్లో ఉన్న మనవాళ్ళకు అంత బాగా ఎలా చూపించారని అడిగావు. మా దగ్గర బొమ్మ తీసి పంపగల ఫోన్ బడి టీచరమ్మదొక్కటే. మైదానం పక్కనే ఉన్న పాస్టరు గారి వసారాలో తప్ప సిగ్నల్ నిలవదు కాబట్టి అక్కడే వెదురు పాతి, కొబ్బరిపీచు తాడుతో ఫోన్ కట్టాం. కరెంటుకు లారీ బ్యాటరీ. మైకులో గాలి హోరు రాకుండా చంటిపిల్ల మేజోడు తొడిగాం. ఆడవాళ్ళ సంఘం కొబ్బరిపాల బన్నులు అమ్మి డేటా వేయించింది. అంతే.

వ్యాఖ్యానం చెప్పిన టోవియో మొదటిరోజు అంత హుషారుగా ఉండి రెండోరోజుకు ఎందుకు చల్లబడ్డాడనీ అడిగావు. మన పెదనాన్న కొడుకు నోరు నీకు తెలియనిదా? ఆటగాళ్ళ తొడల మీదా, వాళ్ళ పెళ్ళాల మీదా జోకులు వేశాడు. మైదానంలో మగవాళ్ళు పడీపడీ నవ్వారు. కానీ ఆక్లాండ్‌లో, సిడ్నీలో అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ ఒకే గదిలో కూర్చుని చూస్తారన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. తోబుట్టువులు కలిసి వినకూడని మాట వినబడితే ఏం చేస్తారు? తమ్ముళ్ళు లేచి బయటికి పోయారు, అక్కలు టీవీ కట్టేశారు. సాయంత్రందాకా పాస్టరమ్మ ఫోన్ మోగుతూనే ఉంది. మర్నాడు నేను వెళ్ళి టోవియో పక్కనే చాప వేసుకున్నాను.

"అక్కా, నువ్విక్కడ కూర్చుంటే ఇంక నేనేం మాట్లాడను?"

"ఆట గురించి మాట్లాడు."

"ఆట గురించి నాకేం తెలుసక్కా!"

"అయితే ఇవాళ నేర్చుకో."

నేర్చుకున్నాడు పాపం.

ఇక నువ్వు చివర అడిగింది. ఫైనల్లో బొమ్మ ఉన్నట్టుండి సముద్రం వైపు తిరిగి చాలాసేపు అలాగే ఎందుకుండిపోయిందని. తాడు జారిందని టోవియో చెప్పాడు. కొబ్బరిపీచు తాడు అంత తేలిగ్గా జారదు. నాన్న దానితో పడవలు కట్టేవాడు, నీకు తెలుసు. అందుకే అడిగావు.

తాడు జారలేదు. నేను తిప్పాను.

మికాయెలె బంతి పట్టుకుని పరిగెడుతుంటే అవతలి జట్టువాళ్ళిద్దరు మీద పడ్డారు. వాళ్ళు లేచారు. నీ కొడుకు లేవలేదు. ఊపిరి ఉందో లేదో వసారాలోంచి నాకు తెలియలేదు. నువ్వు అక్కడ పరాయివాళ్ళ మధ్య ఫోన్ పట్టుకుని కూర్చున్నావని మాత్రం తెలుసు. మన ఇళ్ళల్లో అలాంటి కబురు మనిషి తెస్తాడు. వచ్చి, కూర్చుని, చెయ్యి పట్టుకుని చెబుతాడు. లేచి ఫోన్‌ను సముద్రం వైపు తిప్పాను.

టోవియో మైకు మీద చెయ్యి అడ్డుపెట్టి, "అక్కా, జనానికేం చెప్పను?" అన్నాడు.

"ఏదో ఒకటి చెప్పు."

జీవితంలో మొదటిసారి మర్యాదగా అబద్ధమాడాడు.

ప్రార్థన చేసుకుంటూ మైదానంలోకి నడిచాను. వెళ్ళేసరికి వాడు కళ్ళు తెరిచి ఉన్నాడు.

"అత్తా, నాన్న చూస్తున్నాడా?"

"సముద్రాన్ని చూస్తున్నాడు."

"అదేంటి?"

"నువ్వు పడుకుంటే ఇంకేం చూస్తాడు?"

నవ్వబోయి మూలిగాడు. "అయితే ఇటు తిప్పించు. లేస్తాను."

టోవియోకు సైగ చేశాను. బొమ్మ తిరిగేసరికి వాడు నిలబడి నీకు చెయ్యి ఊపుతున్నాడు. నువ్వు చూసింది అదే. ఎడమ చెయ్యే ఎందుకు ఊపాడంటే, కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. కట్టు కట్టారు. బాగా అతుక్కుంటోందనీ, వచ్చే ఏడు ఆడవచ్చనీ డాక్టరు అన్నారు. తలకు దెబ్బ లేదు. ఉడికించిన టారో దుంపలు గిన్నెడు తిని మళ్ళీ అడుగుతున్నాడు.

ఫోన్ తిప్పినందుకు నాకు విచారం లేదు. మళ్ళీ అలా పడితే మళ్ళీ తిప్పుతాను. కానీ ఆ తర్వాత కూడా నీకు చెప్పలేదు. వాడు చెబుతానన్నాడు, నేనే ఆపాను. వింటే పని వదిలేసి వచ్చేస్తావని భయపడ్డాను. ఏం చెయ్యాలో తేల్చుకోవలసింది తండ్రివి నువ్వు, నేను కాదు. అది నా తప్పు. దేవుని ముందు ఒప్పుకున్నాను, ఇప్పుడు నీ ముందు ఒప్పుకుంటున్నాను.

అక్క మీద తమ్ముడు గొంతెత్తకూడదని మనల్ని పెంచారు. నువ్వెప్పుడూ ఎత్తలేదు. ఈసారికి నేనే అనుమతి ఇస్తున్నాను. కోపంగా రాయి, ఒక్క మాటా మింగకు. ఆ ఉత్తరం మికాయెలె చేత పైకి చదివించుకుంటాను. తన కోసం తండ్రి ఎంత కోప్పడగలడో వాడు వినాలి.

ఇట్లు,
రోజూ నీ పేరు ప్రార్థనలో తలచుకునే అక్క,
ఫాపిసా