సంత సంచిలో వాకీటాకీ

డిసెంబరు, శుక్రవారం, అరకు

మా ఆయన ఆఫీసు వాకీటాకీ ఈ రోజు పోయి దొరికింది. దొరక్కపోతే సస్పెన్షనే. భోజనానికొచ్చి దాన్ని నా సంత సంచిలో పెట్టి మరిచిపోయారు. నేను చూసుకోకుండా గుమ్మడికాయ కొని దాని మీద వేశాను. ఆ బరువుకి మాట్లాడే బటన్ నొక్కుకుపోయింది.

అప్పటి నుంచి ఆయన జీపులోనూ, డ్రైవర్ అప్పలరాజు జీపులోనూ ఉన్న వైర్‌లెస్ సెట్లలో ఒకటే గరగర. పోయిన సెట్ ఎక్కడో ఆన్‌లో ఉందని గ్రహించి, చప్పుడు పెరిగే వైపే అది ఉంటుందని, వేరే ఛానల్‌లో మాట్లాడుకుంటూ ఇద్దరూ చెరో దారిన వెతికారట.

"నాకు తగ్గిపోతంది సార్. మీకేటి?"

"నాకు పెరుగుతోంది. సంత వైపు రా."

దగ్గరికొచ్చేసరికి గరగరలోంచి నా గొంతు వినపడిందట.

"మీ సిక్కుడుకాయల బేరం అంతా ఇన్నామమ్మా," అన్నాడు అప్పలరాజు. ఆయన సెట్ తీసి చీర కొంగుతో తుడిచారు, నా కొంగుతోనే. ముగ్గురం నవ్వుకున్నాం.

బేరం మధ్యలో ఈయన పై అధికారి, పెద్దసారు భార్య పెట్టే సాంబారు గురించి కూడా ఏదో అన్నాను. రేపు ఆవిడ కాఫీకి వస్తున్నారు. పెద్దసారు జీపులోనూ సెట్ ఉంది కదా అని ఇందాక ఈయన్ని అడిగాను.

"ఉంది. మా అందరికంటే ఆయనకే స్పష్టంగా వినపడిందట," అన్నారు.