చెరువు గట్టున లైటు

మంగళవారం రాత్రి

పొద్దున భీమడోలు దగ్గర గ్రావెల్ క్వారీ మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. పర్యావరణ నివేదికలో మా చేపల చెరువుల ఊసే లేదు. వానొస్తే క్వారీ బురదంతా డ్రెయిన్లో పడి మా చెరువుల్లోకే వస్తుందని లేచి చెప్పాను. అధికారులు రాసుకున్నారు.

బయటికొచ్చాక క్వారీ తాలూకు మనిషి ఒకాయన టీ ఇప్పించారు.

“బాగా మాట్లాడారండీ. చెరువు దగ్గర రాత్రిళ్ళు కాపలా ఎవరుంటారండీ?”

“నేనొక్కడినేనండీ,” అన్నాను.

అంత మర్యాదగా అడిగేసరికి దారి కూడా చెప్పాను.

చెరువులో పురుగుమందు కలపడానికి ఎంతసేపు? గట్టు మీద పాకలో కూర్చుంటే చేప ఎగిరినా టార్చి అటు తిప్పుతున్నాను. లైటు ఆర్పితే ఎవరూ లేరనుకుని వస్తారేమో. వెలిగించి ఉంచినా, ఉన్నది ఒక్కడినేనని వాళ్ళకి తెలుసు. చెప్పింది నేనేగా.