గీత కూడా పడలేదు

ఫిబ్రవరి 3

అక్క ఈరోజు డిశ్చార్జ్ అయింది. ఎడమ చేతికి ప్లాస్టర్, నుదుటి మీద కుట్లు. అమ్మ నా మంచం అక్కకిచ్చింది. నా దిండు కూడా. దెబ్బ తగిలిన పిల్ల, తల ఎత్తులో ఉండాలట. నేను సోఫాలో.

జరిగింది ఇది. కాలేజీ ఎన్నికల మర్నాడు ముఖాలకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు రాడ్లతో రీడింగ్ రూమ్‌లోకి వచ్చారు. అక్క తలుపు దగ్గర ఉంది. మొదటి దెబ్బకే స్పృహ తప్పింది. నేను టేబుల్ కింద దూరాను. వాళ్లు వెళ్లేదాకా అక్కడే ఉన్నాను.

ఫిబ్రవరి 5

పిన్ని వచ్చింది. అక్క తల నిమిరి కళ్లు తుడుచుకుంది. నన్ను చూసి, గట్టిదానివేనే, ఎలకపిల్లలా దూరిపోయావటగా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దీనికి గీత కూడా పడలేదు, అదృష్టం అంది అమ్మ. ఆ తర్వాత టీ కప్పులు కడిగాను. అక్క చేతికి ప్లాస్టర్ కదా.

ఫిబ్రవరి 6

అసూయగా ఉంది. రాసుకుంటే ఇంకా అసహ్యంగా కనబడుతోంది. కొట్టేయను. నిజం కాబట్టి.

ఫిబ్రవరి 8

అక్క ఫ్రెండ్స్ వచ్చారు. ప్లాస్టర్ మీద స్కెచ్ పెన్‌తో సంతకాలు చేశారు. అక్క అంతా చెప్పింది. ఎర్ర లేసుల బూట్లు. పగిలిన అద్దాల మీద వాటి చప్పుడు. బెంచీల మధ్య తిరుగుతూ ఒకడు ఈల వేయడం.

అక్క ఇవేవీ చూడలేదు, వినలేదు. ఏం జరిగిందే అని ఆస్పత్రిలో అడిగితే నేను చెప్పాను. ఇప్పుడు తన కళ్లతో చూసినట్టు చెబుతోంది. ఈల కూడా వేసి చూపించింది. తప్పు వేసింది. అది సినిమాల్లో విలన్ ఈల. వాడిది అలా లేదు. గోడకు సున్నం వేసుకునేవాడు ఊసుపోక వేసే ఈలలా ఉంది.

ఒకమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. దెబ్బా అక్కదే, కథా అక్కదే. నాకు ఏం మిగిలింది?

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం

కుక్కర్ విజిల్ వేసింది. స్నానాల గదిలో గడియ పెట్టుకున్నాను. అన్నం చల్లారిపోతోంది, ఏం వేషాలే అని అమ్మ తలుపు బాదింది. బాదవద్దమ్మా అన్నాను. వినబడలేదేమో.

అక్క మందులు వేసుకుని హాయిగా నిద్రపోతోంది. నాకు ఒక్క కునుకు లేదు.

ఫిబ్రవరి 12

దెబ్బలు తగిలినవాళ్లకు కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ఇస్తారని కాలేజీలో సర్క్యులర్ పెట్టారు. ఆఫీసులో అడిగాను. గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఎక్కడ తగిలిందమ్మా అన్నాడు. ఎక్కడా లేదన్నాను. మరింకేం, నిక్షేపంగా ఉన్నావు, వెళ్లి చదువుకో అన్నాడు.

రీడింగ్ రూమ్‌కు కొత్త అద్దాలు బిగించారు. మెట్ల దాకా వెళ్లాను. అక్కణ్ణించే వెనక్కి తిరిగాను. పోయినవారం ఇంటర్నల్ పరీక్ష రాయలేదు. ఇంట్లో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఫిబ్రవరి 17

అక్క చేయి వేలాడేసుకోవడానికి ఆస్పత్రిలో రెండు స్లింగ్‌లు ఇచ్చారు. ఒకటి ఉతికి ఆరేసి ఉంది. అది వేసుకుని బస్సెక్కాను.

కండక్టర్ ఒకణ్ణి లేపి నాకు సీటు ఇప్పించింది. పక్కన కూర్చున్న పెద్దావిడ, అయ్యో తల్లీ, ఏమైందీ అంది. నన్ను అడిగిన మొదటి మనిషి. కాలేజీలో కొట్టారండీ అన్నాను. ఎవరే వాళ్లు, వాళ్ల చేతులు పడిపోనూ అని మొదలుపెట్టింది. వాళ్లను కన్నవాళ్లనూ వదల్లేదు. నా స్టాప్ వచ్చేదాకా తిడుతూనే ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఒక స్టాప్ అవతల దిగాను.

ఇంటికొచ్చేటప్పుడు తీయడం మర్చిపోయాను. తలుపు అక్కే తీసింది. దొంగమొహమా, అది నాది అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఎక్కడే నొప్పి అంది.

నీకేం, ప్లాస్టర్ ఉంది, సంతకాలున్నాయి, నేను చెప్పిందంతా నీదే అయిపోయింది, కనీసం ఈలైనా సరిగ్గా వేయి అన్నాను. ఎలా వేయాలో చూపించాను. సగంలోనే అక్క మంచి చేత్తో నా నోరు మూసేసింది. తర్వాత వెళ్లి తలుపు గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

ఫిబ్రవరి 18

అక్క ఎవరికీ కథ చెప్పలేదు. ఇద్దరు అడిగారు. తలనొప్పి అంది.

ఫిబ్రవరి 24

అక్క అపాయింట్‌మెంట్ ఈరోజు. అమ్మ వచ్చింది. సంచీ మోయడానికి నేను. పేరు పిలవగానే అక్క నన్ను ముందుకు తోసి, నా బదులు ఇది వెళ్తుంది అంది. దానికేమైందనీ, గీత కూడా పడలేదు అంది అమ్మ. నాకు ఒక్క దెబ్బే గుర్తుందమ్మా, అన్నీ విన్నది ఇదే అంది అక్క. అమ్మ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

రూల్స్ ఒప్పుకోవు అన్నాడు గుమాస్తా. కౌన్సెలర్ బయటికొచ్చి, రానివ్వండి అంది. అప్పుడతను అక్కతో, నీది ఎంత మంచి మనసమ్మా అన్నాడు.

మళ్లీ అక్కే.

అదే రోజు, సాయంత్రం

కుర్చీలో నోరు పెగల్లేదు. టేబుల్ కిందికి వెళ్లనా అని అడిగాను. కౌన్సెలర్ తన కుర్చీ పక్కకు జరిపింది. కింద దూరి అంతా చెప్పాను. ఈలతో సహా.

తలుపు కింది సందులోంచి అక్క చెప్పులు కనబడుతూనే ఉన్నాయి. టేబుల్ కింద ఇంకొకరికి చోటుంది.

పిలవలేదు.