పళ్లెంలో మందారం

మామా,

అన్నం కుక్కర్ల ఉన్నది. పప్పు వేడి జేసుకొని తిను, బీపీ గోలి మర్చిపోకు. నువ్వు పొట్టిగ పెంచుతున్న పళ్లెంల మందారానికి ఇయ్యాల నీళ్లు జర తక్కువ పొయ్యి. ఆకు లేనప్పుడు ఎక్కువ పోస్తె వేరు కుళ్లుతదని నువ్వే అంటవు కదా. కొమ్మలు వంగాలని నువ్వు చుట్టిన మోటరు రాగితీగను నేను ముట్టలే.

ఆకులు మాత్రం ముట్టిన. పక్కింటి చోటే మియా మేక తిన్నదని నిన్న నీకు అబద్ధం చెప్పిన. తమ్మునికి పిల్లను చూడనీకి పోతున్నం, తలకు రుద్దుకుందామని నాలుగు తెంపబోయిన. అంత చిన్న చెట్టాయె, ఉన్నయన్నీ దూసిన. నువ్వు రోజూ మొగ్గ కోసం చూస్తున్నవని తెలిసి గూడ. నీ ముఖం జూసి భయమై నోటికొచ్చింది అనేసిన. నువ్వు గోడ మీదికెల్లి ఆయనతోని అంత లొల్లి పెట్టుకుంటవని అనుకోలే.

పొద్దున నువ్వు చేనుకు పోయినంక ఆయన భార్య తాజ్‌బీ వచ్చింది. నీ చెట్టు మళ్ల చిగురెయ్యాలని గంపెడు మేక ఎరువు గడప కాడ పెట్టింది. మళ్ల లొల్లి కావద్దని మేకను ఇయ్యాల అంగడిల అమ్ముతరంట. అప్పుడన్న చెప్పాల్సింది. ముఖం చెల్లక తల ఊపిన.

తెలకపల్లి బస్సు వచ్చే యాళ్లయింది. తిండి తర్వాత, ముందుగాల పొయ్యి ఆ మేకను ఆపు. నా పేరే చెప్పు.

వసంత

రుబ్బిన ఆకు ఫ్రిజ్‌ల గిన్నెలనే ఉన్నది మామా. తలకు పెట్టుకోలే.